డీకేటీ రిజిస్టర్లలో ముత్తాతల పేర్లు

సంపాదకుల వారికి,

అయ్యా,

పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూముల గురించి, రీసర్వే గురించి పత్రికల్లో వచ్చే వార్తలన్నీ హక్కులు, రిజిస్ట్రేషన్లు, 22-ఏ (నిషేధిత భూముల) జాబితాల చుట్టూ తిరుగుతున్నాయి. తిరగాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ ఆ రికార్డులకు మరో ఉపయోగం ఉంది. తమ తాతముత్తాతలు ఎవరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎంతమంది అన్నదమ్ములు అని ఆరా తీసే కుటుంబాలకు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో అసైన్‌మెంట్ (దరఖాస్తు మీద ఇచ్చిన డీకేటీ భూముల) రిజిస్టర్లను మించిన ఆధారం చాలాసార్లు దొరకదు. సొంత పొలం ఉన్న ఇంట్లో దస్తావేజులుంటాయి. మాన్యం ఉన్న ఇంటికి ఇనాం లెక్కలుంటాయి. కూలికి పోయిన ఇంటి పేరు మొదటిసారి సర్కారు కాగితం మీద పడింది ఎక్కువగా బంజరుకు దరఖాస్తు పెట్టుకున్న రోజునే.

ఈ రికార్డు వంశచరిత్రకు అంతగా పనికిరావడానికి కారణం ఒక షరతు. 1954 జూన్ 18న, కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో, ఆంధ్ర రాష్ట్ర రెవెన్యూ శాఖ 1142 నంబరు జీవో జారీ చేసింది. దాని కింద ఇచ్చిన భూమిని వారసులు అనుభవించవచ్చు గానీ అమ్మకూడదు. 1977 నాటి 9వ నంబరు చట్టం ఆ నిషేధాన్ని మరింత బిగించింది. కాబట్టి 1954 తర్వాత ఇచ్చిన భూమి మీద వరుసగా కనబడే పేర్లు, చట్టం ప్రకారం చూస్తే, ఒకే ఇంటి తరాలు. సొంత పట్టా భూమిలో పేరు మారితే అమ్మకమో, పంపకమో, వారసత్వమో వెతికి తేల్చుకోవాలి. డీకేటీ భూమిలో ముందు వారసత్వాన్నే అనుకుని, తర్వాత అనుమానించాలి. తెల్లకాగితం మీద చేతులు మారిన భూములు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు కాబట్టి ఆ అనుమానం ఉండాల్సిందే. 1954కు ముందు రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డరు 15 కింద ఇచ్చిన భూములకు సాధారణంగా ఈ షరతు లేదు. అక్కడ నేటి అనుభవదారుకూ తొలి పట్టాదారుకూ బంధుత్వం ఉందని ముందే అనుకోకూడదు.

వెతుకులాట ఇంట్లోనే మొదలవ్వాలి. పాత శిస్తు రసీదులు, డి-ఫారం పట్టా (అసైన్డ్ భూమి పట్టా), బి-మెమో (ఆక్రమణ జరిమానా) నోటీసులు, సహకార సంఘం అప్పు పుస్తకం, ఏది దొరికినా దాచుకోండి. వాటిలో చూడాల్సినవి మూడు: రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు, డీకేటీ నంబరు. మనం ఊరు అనేది చాలాసార్లు మజరా, అంటే రెవెన్యూ గ్రామానికి శివారు పల్లె. రికార్డు మాత్రం రెవెన్యూ గ్రామం పేరుతో ఉంటుంది. మజరా పేరుతో అడిగితే గుమాస్తా ‘అలాంటి గ్రామం లేదు’ అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు.

డీకేటీ నంబరు చదవడంలోనే సగంమంది తికమకపడతారు. ఉదాహరణకు 41/1379 అని ఉంటే 1379 ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే 1969 వస్తుంది. అంటే 1969 జులై 1 నుంచి 1970 జూన్ 30 వరకు నడిచిన సంవత్సరం. 41 ఆ ఫసలీలో ఆ దరఖాస్తుకు పడిన వరుస నంబరు. ఈ 1379ని సర్వే నంబరు అనుకుని, ఏటా సాగు వివరాలు రాసే అడంగల్‌లో వెతికి, దొరక్క, రికార్డు పోయిందనుకునేవాళ్లు ఉన్నారు.

ఇక రిజిస్టరు ఎక్కడుంటుంది? 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఈనాటి మండల ఆఫీసులో 1985కు ముందు రిజిస్టరు లేకపోతే పాత తాలూకా కేంద్రం ఏదో కనుక్కుని అక్కడి తహశీల్దారు కార్యాలయంలో అడగాలి. అక్కడా లేకపోతే ఆర్డీవో ఆఫీసు, ఆ తర్వాత కలెక్టరేటు రికార్డు రూము. 2022లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాక ఈ వెతుకులాటకు మరో మెట్టు చేరింది. కాగితాలన్నీ మనుషులంత వేగంగా కొత్త జిల్లా కేంద్రాలకు వెళ్లవు. పాత జిల్లా కేంద్రంలో కూడా అడగండి.

రిజిస్టరులో పట్టాదారు పేరు, తండ్రి లేదా భర్త పేరు, కులం, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఉత్తర్వు తేదీ ఉంటాయి. అసలు సరుకు ఫైలులో ఉంటుంది. దరఖాస్తు, అభ్యంతరాల కోసం ఊళ్లో చాటించిన ఎ-1 నోటీసు, కరణం, మునసబుల వాంగ్మూలాలు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నివేదిక, పొలం నక్షా ఒకచోట దొరుకుతాయి. దరఖాస్తుదారుకు భూమి లేదని నిరూపించాలి కాబట్టి ఇన్‌స్పెక్టరు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో, తండ్రికి ఎంత పొలం ఉందో, అన్నదమ్ములు విడిపోయారో లేదో రాసేవాడు. పేదవాడని తేల్చడానికి రాసిన ఆ నాలుగు వాక్యాలే ఈరోజు మనవలకు కుటుంబ చరిత్ర.

ఫైలు ఉందో లేదో దాని నంబరు ముందున్న అక్షరాలే చెబుతాయి. ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అయితే పదేళ్లు, ఎల్.డిస్ అయితే ఒక్క ఏడాది. కాబట్టి 1965 నాటి డి.డిస్ ఫైలు కోసం నెలల తరబడి తిరగడం వృథా. రిజిస్టరులోని వరుసతో సరిపెట్టుకుని, పక్కనున్న అడంగళ్లు, 10(1) లెక్కల (పట్టాదారుల ఖాతాల) మీదికి వెళ్లడం మేలు.

రిజిస్టరు చేతికొచ్చాక చాలామంది తమ తాత పేరున్న ఒక్క వరుస ఫొటో తీసుకుని లేచిపోతారు. అది పెద్ద పొరపాటు. ఒకే సర్వే నంబరును ఒకే రోజు ముక్కలు చేసి ఇచ్చినప్పుడు, ఉదాహరణకు 212-1 నుంచి 212-9 వరకు, ఆ తొమ్మిది పేర్లలో అన్నదమ్ములు, బావమరుదులు, పాలివాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. పేదవాళ్లు గుంపుగానే దరఖాస్తులు పెట్టేవాళ్లు, గుంపుగానే పొలం చదును చేసుకునేవాళ్లు. పుట మొత్తం తీయండి, వెనక పుట, ముందు పుట కూడా తీయండి. రిజిస్టరు అట్ట, ఫసలీ, పుట నంబరు, కాలమ్‌ల శీర్షికలు లేని ఫొటో ఏడాది తర్వాత ఎందుకూ కొరగాదు. ఏ కాలమ్ ఏమిటో మీకే గుర్తుండదు.

పేర్ల దగ్గర నిదానం కావాలి. పాత రిజిస్టర్లలో ఇంటిపేరు తరచుగా ఉండదు, దాని స్థానంలో కులం పేరుంటుంది. అహోబిలం చుట్టుపక్కల ఓబులేసులు, కదిరి వైపు కదిరప్పలు, బేతంచెర్ల వైపు మద్దిలేట్లు ఊరికి పదిమంది దొరుకుతారు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల 1935లో కనబడిన నరసింహులు, 1975లో కనబడిన నరసింహులు ఒకరే అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తండ్రి పేరు కలిసినా చాలదు, ఎందుకంటే ఆ తండ్రి పేరు కూడా ఒక తరం వదిలి మళ్లీ వస్తుంది. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు మూడూ కలిస్తేనే ఒకే మనిషి అని రాసుకోండి. పెద్ద, నడిపి, చిన్న అన్నవి ఉంటే అదృష్టమే. నడిపి ఓబులేసు ఉన్నాడంటే పెద్దవాడూ చిన్నవాడూ ఆ పుటల్లోనో పక్క ఊళ్లోనో ఉన్నారు, వెతకాలి. అయితే ఈ వరుసలు సొంత అన్నదమ్ములవే కానక్కర్లేదు. పెద్దనాన్న, చిన్నాన్న పిల్లల్ని కలిపి పిలిచిన వరుసలు కూడా అవుతాయి.

ఇల్లటం సంగతి మరవకూడదు. కర్నూలు, బళ్లారి, కడప ప్రాంతాల రైతు కులాల్లో మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ని తెచ్చుకుని కొడుకులా ఆస్తి ఇచ్చే ఆచారాన్ని మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. భూమి వరుసలో ఉన్నట్టుండి ఇంటిపేరు మారి, కొత్త మనిషి తండ్రి వేరే ఊరివాడుగా కనబడితే వెంటనే అమ్మకం అని తేల్చేయకండి. ఇల్లటపు అల్లుడేమో చూడండి. అదే అయితే వంశం ఆడపిల్ల వైపు నుంచి సాగిందన్నమాట. ఆమె పేరు మాత్రం ఆ రిజిస్టరులో ఉండకపోవచ్చు.

ఆడవాళ్ల పేర్లు దొరికే చోట్లు రెండు. ఒకటి, భర్త చనిపోయాక భార్య పేరిట మారిన ఖాతా. రెండోది, మైనరు పిల్లవాడి పేరిట పట్టా ఉండి, గార్డియనుగా తల్లి లేదా మేనమామ పేరున్న వరుస. మేనమామ పేరు, ఊరు దొరికాయంటే తల్లి పుట్టింటి దారి తెరుచుకున్నట్టే.

తేదీలను నమ్మడంలో కూడా హద్దు పెట్టుకోవాలి. పట్టా తేదీ ఆ కుటుంబం పొలంలో అడుగుపెట్టిన తేదీ కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి శివాయి జమా (అనుమతి లేని సాగు) కింద సాగు చేస్తూ, బి-మెమోలకు జరిమానా కడుతూ ఉండి ఉంటారు. పట్టా సంవత్సరానికి వెనక కనీసం పది ఫసలీల అడంగళ్లు చూడండి, తాత స్థానంలో ముత్తాత కనబడవచ్చు. అలాగే ఖాతా మారిన సంవత్సరం చావు సంవత్సరం కాదు. అప్పు కోసమో పాసు పుస్తకం కోసమో అవసరం పడేదాకా పేరు మార్పించని ఇళ్లే ఎక్కువ. వాంగ్మూలంలోని వయసు సుమారు లెక్క. 40, 45, 50 అని గుండ్రటి అంకెలు వరుసగా కనబడితే ఐదేళ్లు అటూ ఇటూ వదిలిపెట్టి చదవండి. బినామీ పట్టాలు కూడా ఉన్నాయి. జీతగాడి పేరిట పట్టా తీసుకుని యజమాని సాగు చేసుకున్న చోట అడంగల్‌లో అనుభవదారు కాలమ్ వేరే పేరు చూపిస్తుంది. భూమి తగాదాకు అది ముఖ్యం. వంశచరిత్రకు మాత్రం ఆ జీతగాడి తండ్రి పేరు అక్కడ రాసి ఉండటమే లాభం.

కరణాల గొలుసుకట్టు రాత చదవడానికి ఓపిక కావాలి. తెలుగు అంకెల్లో ౨, ౩ ఒకదానికొకటి పొరబడటం మామూలు. సర్వే నంబరు పొరబడితే వేరే ఇంటి వంశం మన వంశమైపోతుంది. విస్తీర్ణంతో సరిచూసుకోండి. పాత లెక్క ఎకరాలు, సెంట్లలో, మెట్రిక్ వచ్చాక హెక్టార్లలో ఉంటుంది. ఎకరం అంటే 0.4047 హెక్టారు. ఉప సంఖ్యలు మారినా మొత్తం విస్తీర్ణం దాదాపుగా కలవాలి.

ఇంకా వెనక్కి వెళ్లాలనుకునేవారు ఆంగ్లేయుల కాలంలో శిస్తు మళ్లీ ఖాయం చేసినప్పుడు రాసిన రీసెట్లమెంటు రిజిస్టరు చూడాలి. అందులో పాత సర్వే నంబరు, కొత్త నంబరు, తరం (నేల రకం), శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. పట్టాదారు కాలమ్‌లో పేరుకు బదులు చుక్కలుంటే అవే ఈనాటి చుక్కల భూములు. 2017లో వాటికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. చుక్కలున్నంత మాత్రాన అక్కడ ఎవరూ లేరని కాదు, ఆనాడు ఎవరి పేరూ ఖాయం చేయలేదని. అలాంటి చోట అడంగళ్లే దిక్కు. 1876లో మొదలైన ధాత కరువు మన జిల్లాలను ఊడ్చేసింది. ఆ దెబ్బకు రైతులు పొలాలకు రాజీనామాలిచ్చి వెళ్లిపోయారు. ఆ ఏళ్ల దగ్గర పేర్ల వరుస తెగితే ఆశ్చర్యపడక్కర్లేదు. పక్క తాలూకాలో వెతకడం మొదలుపెట్టాలి.

ఊరిలో సేవా మాన్యం ఉన్న ఇళ్లకు, చెరువు కట్టించినందుకు లేదా బాగు చేస్తున్నందుకు దశబంధం ఇనాం పొందిన ఇళ్లకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు బంగారు గని. 1858 తర్వాత ఇనాం కమిషన్ తయారు చేసిన ఈ రిజిస్టర్లలో ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, విచారణ నాటికి అనుభవిస్తున్నవారి పేరు, వయసు, నివాసం, మొదటి గ్రహీతకు వారేమవుతారు అన్నవి విడివిడి కాలమ్‌లలో ఉన్నాయి. సర్కారే అడిగి రాయించిన వంశావళి ఇది. ఒక్క జాగ్రత్త: ఇనాం పోతుందేమోనన్న భయంతో చెప్పిన వరుసలవి. దత్తతను సొంత కొడుకుగా చెప్పడానికి అప్పట్లో కారణాలుండేవి.

కొంచెం ఎక్కువ భూమి ఉన్న కుటుంబాలకు 1973 నాటి భూసంస్కరణల చట్టం కింద 1975 నుంచి దాఖలైన డిక్లరేషన్లు ఉన్నాయి. కుటుంబ యూనిట్ లెక్క కోసం భార్య, మైనరు కొడుకులు, పెళ్లికాని మైనరు కూతుళ్ల పేర్లు, వయసులు రాయాల్సి వచ్చింది. మిగులు తేలిన భూమి ఎవరికి పంచారో ఆ జాబితా కూడా సీలింగు (భూపరిమితి) కేసు రికార్డులోనే వెతకాలి. భూస్వామి ఇంటి వివరాలు, అదే పొలంలో కూలి చేసి తర్వాత పట్టా పొందిన ఇంటి వివరాలు ఒకే కేసు నంబరు కింద దొరికే చోటు ఇదొక్కటే.

రిజిస్ట్రేషను ఆఫీసును కూడా పూర్తిగా వదిలేయకండి. అసైన్డ్ భూమి అమ్మకాలు అక్కడ కనబడవు గానీ, సహకార సంఘాలకు, బ్యాంకులకు తాకట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకుంది. తనఖా దస్తావేజులో తండ్రితో పాటు కొడుకులందరూ వేలిముద్రలు వేసిన సందర్భాలుంటాయి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువాటికి ఆఫీసులో ఒకటో పుస్తకం ఇండెక్సులు వెతికించాలి. రుసుము కట్టిన ఎవరికైనా వాటిని చూపించాలని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షనే చెబుతోంది.

జిల్లా సరిహద్దులు మారిన చోట వెతికే ఊరు కూడా మారుతుంది. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపవే. అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి నుంచి విడివడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953లో బళ్లారిని వదిలి ఆంధ్రలోకి వచ్చాయి. ఆ వైపు పాత లెక్కలు కన్నడంలో ఉండవచ్చు. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లావి. బనగానపల్లె 1948 దాకా సంస్థానం, కాబట్టి అక్కడివారు మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కల్లో వెతికితే దొరకరు. 1839లో ఆంగ్లేయులు స్వాధీనం చేసుకునేదాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉన్న ఊళ్లు కలెక్టరు మన్రో కాలపు సీడెడ్ (దత్తమండల) జిల్లాల సర్వేలో ఉండవు. పాత రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు.

ఆఫీసులో అడిగే పద్ధతి గురించి ఒక మాట. ‘మా తాత భూమి వివరాలు ఇవ్వండి’ అని అడిగితే అది భూమి తగాదా అనుకుంటారు, ఫైలు కదలదు. అసైన్డ్ రికార్డు పేరెత్తితే చాలు సిబ్బంది భయపడే రోజులివి, ఆ భయానికి కారణాలూ లేకపోలేదు. ‘ఫలానా రెవెన్యూ గ్రామం, ఫసలీ 1375 నుంచి 1385 వరకు అసైన్‌మెంట్ రిజిస్టరు పుటల నకలు, కుటుంబ చరిత్ర కోసం మాత్రమే, భూమిపై ఏ హక్కూ కోరడం లేదు’ అని సమాచార హక్కు చట్టం కింద రాసి ఇవ్వండి. మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు రుసుము. పుటకు 2 రూపాయలు. గడువు 30 రోజులు. నకలు కాదు, రికార్డు చూస్తామని కూడా అడగవచ్చు, తొలి గంటకు డబ్బు కట్టక్కర్లేదు. వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తే 8(3) సెక్షను చూపించండి. ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు ఆ మినహాయింపు వర్తించదు. దొరికిన పుటల్లో బతికున్నవారి వివరాలుంటే వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, అంతే.

ఇప్పుడు ప్రభుత్వాన్ని అడగాల్సినవి. 1984 జనవరిలో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు గ్రామ లెక్కలు కొన్ని సర్కారుకు చేరాయి, కొన్ని ఇళ్ల అటకల మీద ఉండిపోయాయి. ఆనాడు జరిగినదానికి సమానమైన మార్పు ఇప్పుడు రెండు వైపుల నుంచి వస్తోంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. పాత నంబరు తెలియకపోతే డీకేటీ రిజిస్టరు, రీసెట్లమెంటు రిజిస్టరు రెండూ తాళం చెవి పోయిన పెట్టెలే. 2023 సవరణ చట్టం ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే దారి తెరిచింది. ఆ చట్టం మంచిచెడ్డలు వేరే చర్చ. ఒకసారి అమ్మకాలు మొదలైతే మాత్రం పేర్ల వరుసంటే వంశపు వరుస అన్న సూత్రం అక్కడితో ఆగిపోతుంది.

అందువల్ల, రీసర్వే పూర్తయిన ప్రతి గ్రామంలో పాత సర్వే నంబరుకూ కొత్త ఎల్పీ నంబరుకూ పొంతన చూపే పట్టికను సచివాలయంలో గోడమీద పెట్టి, మీభూమి వెబ్‌సైటులో కూడా ఉంచాలి. 1985కు ముందు అసైన్‌మెంట్ రిజిస్టర్లను పాత తాలూకాల వారీగా స్కాన్ చేయాలి. ఫైళ్లన్నీ అక్కర్లేదు, రిజిస్టర్లు చాలు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు తగలబడ్డాక కూడా ఒకే ప్రతి మీద ఆధారపడటం సరికాదు. కర్నూలు, అనంతపురం, కడప కలెక్టరేట్ల రికార్డు రూముల్లో వారానికి ఒకరోజు, ఒక బల్ల, ఒక సిబ్బంది, చూసుకునే వీలు కల్పిస్తే ఆర్టీఐ దరఖాస్తులు వాటంతటవే తగ్గుతాయి. ‘రికార్డు లభ్యం కాదు’ అన్న ఒక్క వాక్యంతో జవాబు ఇవ్వడం మానాలి. ధ్వంసం చేసి ఉంటే ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో చేశారో ఆఫీసులో రాసి ఉండాలి, ఆ పుట నకలే జవాబుగా ఇవ్వాలి.

— కొందరు విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు,
అనంతపురం